బెంగళూరుకు పిల్లలను పంపే తెలుగు తల్లిదండ్రులకు ఒక పీజీ నిర్వాహకురాలి బహిరంగ లేఖ

ఉద్యోగం వచ్చి కొందరు, ఉద్యోగం వెతుక్కోవడానికి కొందరు, ఏటా వేల మంది తెలుగు పిల్లలు బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. వారిని పంపిన, పంపబోతున్న తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మాది కందుకూరు పక్కన ఒక పల్లె. తెలుగులో ఎం.ఏ. చదివి, ఊరి దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఏడేళ్లు పాఠాలు చెప్పి, 2008లో మా వారితో కలిసి ఈ నగరానికి వచ్చాను. అప్పటి నుంచి మారతహళ్లి దగ్గర మున్నేకొళాలలో మగపిల్లల పీజీ, అంటే భోజనంతో కూడిన అద్దె వసతి, నడుపుతున్నాను. అద్దె భవనం, 24 గదులు, గదికి మూడు మంచాలు. ఇన్నేళ్లలో మా ఇంట్లో అన్నం తిని వెళ్లిన పిల్లలు వెయ్యి మందికి పైనే ఉంటారు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఆదిలాబాదు నుంచి ఖమ్మం దాకా వారి యాసలన్నీ నా చెవికి అలవాటయ్యాయి. ఎవరు ఏ కూర ముట్టరో, ఎవరికి ఏ మందు పడదో నాకు తెలుసు.

గత నెలలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఒక తండ్రి ఫోన్ చేశారు. వాళ్ల అబ్బాయి మా దగ్గర చేరి నాలుగు రోజులే అయింది. "అమ్మా, మా వాడి చేత కంచం కడిగిస్తున్నారట. నెలకు తొమ్మిది వేలు కడుతున్నాం కదండీ. ఇంట్లో వాడు తాగిన గ్లాసు కూడా వాణ్ణి తీయనివ్వలేదు మేము" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది. ఇక్కడ అందరికీ ఒకటే పద్ధతి అని చెప్పి ఫోన్ పెట్టేశాను. అది సరైన జవాబు కాదని నాకు అప్పుడే అనిపించింది. ఆయన అడిగిన ప్రశ్నను ఇన్నేళ్లలో చాలా మంది చాలా రకాలుగా అడిగారు కాబట్టి, ఆ రాత్రి చెప్పలేకపోయిన జవాబును మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఆ కంచం సంగతి. భోజనాల గది చివర గోడ వారన అయిదు కుళాయిలున్న సింకు ఉంటుంది. తిన్నవారు తమ కంచం, గ్లాసు అక్కడ కడిగి పక్కనున్న ఇనుప స్టాండులో బోర్లించాలి. నిజం చెప్పాలంటే, ఈ పద్ధతి ఏదో ఆలోచించి పెట్టింది కాదు. 2009లో పనమ్మాయి పది రోజులు రాకపోతే, వేరే దారి లేక మొదలైంది. ఆమె తిరిగి వచ్చాక కూడా దాన్ని తీసేయలేదు, ఎందుకంటే ఆ పది రోజుల్లో నేను ఒకటి గమనించాను. కొత్తగా వచ్చిన అబ్బాయి కంచాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని కుళాయి కింద పెడతాడు. పప్పు అంచులకు ఎండిపోయి ఉంటుంది, కరివేపాకు, మెతుకులు అన్నీ సింకులోకే పోతాయి. మూడో రోజుకు జాలీ మూసుకుపోయి నీళ్లు నిలుస్తాయి. వెనక నిలబడ్డవారు విసుక్కుంటారు. అప్పుడు చేయి పెట్టి ఆ చెత్త తనే తీయవలసి వస్తుంది. ముఖం అటు తిప్పుకుని తీస్తాడు. పదో రోజున అదే అబ్బాయి తన వెనక వచ్చిన కొత్తవాడితో "మెతుకులు ముందు బుట్టలో వెయ్ బ్రో" అంటాడు. తాను వదిలేసింది ఎవరో ఒకరి చేతికి అంటుకుంటుందని ఆ పిల్లవాడికి జీవితంలో మొదటిసారి తెలిసే చోటు మా సింకు. అందుకే దాన్ని తీయను.

మీ ఫోన్ల గురించి కూడా చెప్పాలి. గుంటూరు నుంచి ఒక తల్లి రోజూ ఆరూ నలభై అయిదుకు ఫోన్ చేసి, "మా బాబును లేపండమ్మా, నా ఫోన్ ఎత్తడం లేదు" అనేవారు. బాబుకు ఇరవై మూడేళ్లు. గదిలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని కడప నుంచి ఒక తండ్రి నాకు ఫిర్యాదు చేశారు. ఆ ఫ్యాను కింద పడుకునే అబ్బాయి అదే సమయానికి నా ఎదురుగా కూర్చుని టిఫిను తింటున్నాడు, నాతో ఒక్క మాట అనలేదు. ఇంకొకాయన కొడుకు ఏటీఎం కార్డు స్తంభించిపోయిందని రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లవారి కె.ఆర్.పురంలో దిగి, ముఖం కూడా కడుక్కోకుండా నేరుగా మా గేటు దగ్గరకు వచ్చారు. ఆయన్ను చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. కాఫీ ఇచ్చి, ఇద్దరినీ బ్యాంకుకు పంపాను. అక్కడ కావలసింది ఖాతాదారు సంతకం, ఆధార్ కార్డు మాత్రమే. ఆ రెండూ కొడుకు దగ్గరే ఉన్నాయి. మీ ప్రేమను తప్పు పట్టడానికి ఇవి రాయడం లేదు. ఆ ప్రేమ ఇరవై మూడేళ్ల మనిషి చేతిలోంచి ఒక్కొక్క పనినీ ఎలా లాక్కుంటుందో ఎదురుగా నిలబడి చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఇతరుల పిల్లల గురించి ఇంత మాట్లాడే హక్కు నీకెక్కడిదని మీరు అడగవచ్చు. మా అబ్బాయి గురించి చెబుతాను. వాడు 1997లో పుట్టాడు. ఊరు వదిలి వచ్చి, అద్దె భవనంలో పరాయి పిల్లలకు వండి పెడుతూ బతుకుతున్నామన్న దిగులు నాలో ఉండేది. ఆ లోటు వాడికి తెలియకూడదని పట్టుదలగా పెంచాను. బడి ప్రాజెక్టులు నేను చేశాను, కాలేజీ దరఖాస్తులు వాళ్ల నాన్న నింపారు, బైకు ఎవరికో తగిలితే మాట్లాడి డబ్బులిచ్చి వచ్చిందీ మేమే. 2019లో పుణేలో ఉద్యోగం వచ్చింది. పెట్టె నేనే సర్ది పంపాను. పదకొండో రోజు తెల్లవారుజామున తలుపు చప్పుడైతే తీసి చూశాను, పెట్టెతో నిలబడి ఉన్నాడు. పైఅధికారి అందరి ముందూ ఒక మాట అన్నాడట, గదిలో వాళ్లతో సరిపడలేదట. మధ్యాహ్నం వాడు పడుకున్నాక పెట్టె తెరిచాను. చలిగా ఉంటుందని అడుగున పెట్టిన దుప్పటి నా మడతల్లోనే ఉంది. పదకొండు రాత్రులు ఆ దుప్పటి తీసుకుని కప్పుకోవాలని కూడా వాడికి తోచలేదు, ఎందుకంటే ఇరవై రెండేళ్లు చలి వేయకముందే వచ్చి దుప్పటి కప్పింది నేను. ఆ మడతలు చూస్తూ నేను ఏడ్చిన ఏడుపు వాడి ఉద్యోగం పోయినందుకు కాదు.

ఆ తరువాత మేము చేసింది చిన్న పనే. పీజీకి కూరగాయలు తెచ్చే బాధ్యత వాడికి అప్పగించాం. తెల్లవారుజామున నాలుగున్నరకు మార్కెట్టుకు వెళ్లాలి, బేరం ఆడాలి, లెక్క రాయాలి. రెండో వారంలోనే పైన మంచివి, కింద కుళ్లినవి ఉన్న టమాటా పెట్టెలు మోసుకొచ్చాడు. ఆ రోజు నష్టం 1,800 రూపాయలు. మా వారు నోరు తెరవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మర్నాడు నుంచి వాడు పెట్టె కుమ్మరించి చూసి గానీ డబ్బు ఇవ్వలేదు. ఆరు నెలలు గడవకముందే 2020 మార్చి వచ్చింది. మూడో వారానికే పిల్లలు ఊళ్లకు వెళ్లిపోవడం మొదలుపెట్టారు, 24వ తేదీ రాత్రి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించేనాటికి 72 మంచాలకు తొమ్మిది మంది మిగిలారు. హోళీకి ఒడిశా వెళ్లిన వంట మాస్టారు తిరిగి రాలేకపోయాడు. భవనం అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఓనరు దగ్గరకు వెళ్లి, వచ్చీరాని కన్నడలో లెక్కల పుస్తకం చూపించి, నాలుగు నెలల పాటు సగం అద్దెకు ఒప్పించుకొచ్చింది మా అబ్బాయే. పుణే నుంచి పదకొండు రోజులకే తిరిగి వచ్చిన పిల్లవాడే వీడు. మధ్యలో మారింది ఏమిటంటే, వాడు పాడు చేయగలిగిన పని ఒకటి వాడి చేతిలో పెట్టి, పాడైనప్పుడు మేము మాట్లాడకుండా ఉన్నాం.

మా వృత్తికి పాత పేరు పూటకూళ్లు. పూటకూళ్ల ఇల్లు నడిపే ఆడవారిని లోకం చులకనగా చూసేది, ఇప్పుడైనా పూర్తిగా పోయిందని చెప్పలేను. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం గారికి పదకొండో ఏట తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టి పిల్లలను సాకారు. మద్రాసులో సైమన్ కమిషన్‌ను బహిష్కరించిన రోజున తుపాకీకి రొమ్ము చూపిన మనిషి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన మనిషి, పూటకూళ్ల అన్నం తిని పెరిగాడని మా వైపు వాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. అయితే ఆ కథలో మనం తరచుగా వదిలేసే భాగం ఒకటుంది. చిన్నప్పుడు ఆయన బాగా అల్లరి పిల్లవాడు, నాటకాల పిచ్చి ఉన్నవాడు. ఒక్క కష్టం మీదే వదిలేసి ఉంటే ఆ తెలివి ఎటు పోయేదో తెలియదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడిని దగ్గరకు తీసి, తనతో రాజమండ్రికి తీసుకువెళ్లి చదివించారు. తల్లి పడే కష్టం కళ్లెదుటే ఉంది, దాన్ని ఆమె దాచలేదు. వెనక ఒక పెద్ద మనిషి ఉన్నాడు. ఈ రెండూ కలిసే ఆయన్ను నిలబెట్టాయని నేను నమ్ముతాను.

దాచడం అన్నాను కాబట్టి, నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇక్కడే చెబుతాను. మన ఇళ్లలో అప్పులు పిల్లలకు చెప్పం. మా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు, మంచివాడు, మొదటి జీతంతోనే వాయిదాల మీద ఖరీదైన ఫోను, ఆ తరువాత బైకు కొన్నాడు. అతని చదువుకూ, అక్క పెళ్లికీ చేసిన అప్పుకు తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతున్నాడని అతనికి తెలియదు. తండ్రికి గుండెలో స్టెంటు వేయవలసి వచ్చి, ఆసుపత్రిలో డబ్బు దగ్గర తడుముకున్నప్పుడు మేనమామ నోటి నుంచి బయటపడింది. ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని, "నాకెవ్వరూ చెప్పలేదు ఆంటీ, నేను బైకు కొంటుంటే కూడా మా నాన్న బాగుందిరా అన్నాడు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. బైకు అమ్మేశాడు. ఊరెళ్లి ప్రామిసరీ నోట్లన్నీ ముందు వేసుకుని లెక్క రాసుకున్నాడు. నెలకు 11,000 రూపాయలు కడుతూ రెండున్నరేళ్లలో ఒక అప్పు తీర్చాడు. ఆ రెండున్నరేళ్లలో అతని నడక మారింది, మాట మారింది. తన జీతానికి ఇంట్లో పని ఉందని తెలిసిన మనిషి ఆఫీసులో తిట్టు పడినా అంత తేలిగ్గా రాజీనామా రాయడు. ఆ తండ్రి చెప్పకపోవడం ప్రేమే, నాకు సందేహం లేదు. కానీ చెప్పి ఉంటే, గుండె మీద బరువు కొంత ముందే తగ్గేదేమో.

2024 వేసవిలో బెంగళూరు నీటి కరువు గురించి మీరు వార్తల్లో చూసే ఉంటారు. నగరానికి కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎక్కించుకు రావాలి. మా శివారు ప్రాంతాలకు అప్పటికి అవి సరిగా అందేవి కావు, బోర్లే ఆధారం. ముందటి ఏడాది వానలు సరిగా లేక నగరంలో వేల బోర్లు ఎండిపోయాయి. ఫిబ్రవరి చివరి వారంలో మా బోరు నీళ్లకు బదులు గాలి ఊదడం మొదలుపెట్టింది. 900 రూపాయలకు వచ్చే 12,000 లీటర్ల ట్యాంకరు 2,200 అయింది. మార్చిలో అధికారులు అయిదు కిలోమీటర్ల లోపు అయితే 12,000 లీటర్లకు 1,000 రూపాయలే తీసుకోవాలని ధర కట్టారు, కానీ ఆ ధరకు మా వీధికి వచ్చే ట్యాంకరు దొరకడమే కష్టమైంది. తాగే నీటితో కారు కడిగినా, తోట తడిపినా 5,000 రూపాయల జరిమానా అని నగరానికి నీళ్లిచ్చే జలమండలి ప్రకటించింది. మా ఇంటికి రోజుకొక ట్యాంకరు కావాలి, అప్పుడు ఉన్నది 66 మంది పిల్లలు.

ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి, లెక్కల పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టాను. రోజుకొక ట్యాంకరు తెప్పించాలంటే మనిషికి నెలకు ఇంకో వెయ్యి రూపాయలు పడుతుంది, రెండు రోజులకొకటితో సరిపెట్టుకుంటే ఏమీ పెంచనక్కరలేదు, మీరే తేల్చుకోండి అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను. లోపల నుంచి వింటూనే ఉన్నాను. మొదట అరగంట అరుపులే. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, మాట తక్కువ మనిషి, లేచి, "మా ఊళ్లో ఎండాకాలమంతా ఇంతే. అర బకెట్టుతో స్నానం ఎట్లా చెయ్యాలో రేప్పొద్దున చూపిస్తా" అన్నాడు. అందరూ నవ్వారు, ఆ నవ్వుతోనే సభ దారికి వచ్చింది. రాత్రి పదకొండుకు ఫ్రిజ్జు తలుపు మీద ఒక కాగితం అతికించారు. మనిషికి రోజుకు రెండు బకెట్లు. బట్టలు శనివారం మాత్రమే. బియ్యం కడిగిన నీళ్లు, ఫిల్టరు వదిలే నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి మరుగుదొడ్లకు. ట్యాంకరు తెల్లవారుజామున నాలుగింటికి వస్తుంది కాబట్టి, సంపు (నేల కింది నీళ్ల తొట్టి) మూత తీసి, పైపు పట్టుకుని, కొలత చూసి సంతకం పెట్టడానికి వంతుల ప్రకారం రోజుకిద్దరు. నా పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. మొదటి వారంలో ఆరుగురు వేరే పీజీలకు వెళ్లిపోయారు. ఎవరో రాత్రిపూట మూడో బకెట్టు పట్టుకున్నారని రెండో అంతస్తులో కొట్టుకునే దాకా వచ్చింది. తగువు తీర్చమని నా దగ్గరకు వస్తే, కాగితం రాసింది మీరే కదా అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తప్పు చేశానేమోనని భయపడ్డాను. మర్నాడు వాళ్లే కూర్చుని ఒక నియమం కలిపారు: జ్వరం వచ్చినవాడికి, రాత్రి షిఫ్టు వాడికి ఇంకో బకెట్టు. నేను పెట్టి ఉంటే ఆ మినహాయింపు నాకు తోచేది కాదు. ఏప్రిల్‌లో ఒక రోజు గుంటూరు నుంచి ఆ తల్లి ఎప్పటిలాగే ఆరూ నలభై అయిదుకు ఫోన్ చేశారు. "బాబు నాలుగింటికే లేచాడండీ, ఇవాళ ట్యాంకరు వంతు అతనిది. సంపు మూత సరిగా కూర్చోలేదని చూస్తున్నాడు" అని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నిజంగానా అమ్మా" అన్నారు. ఆ తరువాత ఆమె నాకు పొద్దున్నే ఫోన్ చేయలేదు. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ ప్రారంభమైంది, నీటి కష్టం ఇప్పుడు అంత లేదు. డ్రమ్ము మాత్రం పిల్లలు తీయనివ్వలేదు, ఇప్పటికీ నిండుతూనే ఉంది.

ఇక బ్యాక్‌డోర్ ఉద్యోగాల మాట, అంటే మధ్యవర్తికి డబ్బు కట్టి, దొంగ అనుభవ పత్రంతో సంపాదించేవి. పేర్లు అక్కరలేదు, ఎవరి దగ్గర దొరుకుతాయో మీలో చాలా మందికి నాకంటే బాగా తెలుసు. ఒక తండ్రి కొడుకు కోసం మధ్యవర్తికి నాలుగు లక్షలు కట్టారు. ఎప్పుడో మూతపడిన ఒక కంపెనీ పేరు మీద రెండేళ్ల అనుభవ పత్రం తయారైంది, ఉద్యోగం వచ్చింది. నాలుగో నెలలో కంపెనీ పాత వివరాలు తనిఖీ చేసింది. 2014 నుంచి భవిష్యనిధికి (పీఎఫ్‌కు) ఒక్కొక్కరికీ ఒకటే శాశ్వత సంఖ్య ఉంటోంది, ఎక్కడ ఎన్ని రోజులు పని చేశారో అందులో కనిపిస్తుంది. ఆ రెండేళ్లకు అందులో ఒక్క రూపాయి జమ లేదు. ఆ మధ్యాహ్నమే గుర్తింపు కార్డు తీసుకుని పంపేశారు. ఆ అబ్బాయి అయిదు నెలలు ఇంటికి చెప్పలేదు. రోజూ స్నానం చేసి, బ్యాగు వేసుకుని బయటకు వెళ్లి, సాయంత్రం దాకా పార్కుల్లో కూర్చుని వచ్చేవాడు. తెలిశాక నేను ఒకటే అడిగాను, ఇంటికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని. తనే చెప్పాడు. కుందలహళ్లిలో ఒక సూపర్ మార్కెట్టులో బిల్లింగు కౌంటరు మీద 16,000 జీతానికి చేరి, రాత్రిళ్లు టెస్టింగు నేర్చుకుని, పద్నాలుగు నెలల తరువాత ఫ్రెషరుగానే, తన పేరు మీదే, నిజమైన ఉద్యోగం తెచ్చుకున్నాడు. అర్ధరాత్రి నిద్రలేచి "వాళ్లు అడిగితే ఏం చెప్పాలి" అని గొణిగే అలవాటు ఆ రోజుతో పోయింది. నాలుగు లక్షలు పోయాయన్న బాధ కంటే, నా కొడుకు సొంతంగా సంపాదించుకోలేడు అని ఆ తండ్రి ముందే తేల్చుకున్నారన్న సంగతే ఆ అబ్బాయిని ఎక్కువ కుంగదీసింది. ఆ మాట అతను నాతోనే అన్నాడు, తండ్రితో ఎప్పుడూ అనలేదు.

ఇంతవరకు చదివి, సరే, ఇక పిల్లల్ని కష్టాలకు వదిలేయాలన్నమాట అని ఎవరైనా అనుకుంటే నేను రాసిందంతా వృథా. మా పెద్దమ్మాయి మనస్తత్వశాస్త్రం చదివేటప్పుడు నాకొక పరిశోధన గురించి చెప్పింది. హవాయిలో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి వారికి నలభై ఏళ్లు వచ్చే దాకా గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక రోగాల వంటి అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో మూడింట ఒక వంతు మంది నిబ్బరంగా నిలదొక్కుకున్నారు. వారిని మిగతావారి నుంచి వేరు చేసిన వాటిలో రెండు నా మనసులో నాటుకుపోయాయి. తల్లో, అమ్మమ్మో, ఉపాధ్యాయుడో, నమ్మకంగా వెంట ఉన్న మనిషి ఒక్కరైనా వారికి ఉన్నారు. ఇంట్లో తమ మీద ఆధారపడిన పని ఏదో ఒకటి వారికి ఉండేది. మిగిలిన రెండు వంతుల మందికీ కష్టం తక్కువేమీ కాలేదు. మనిషిని గట్టిపరచడానికి కష్టం ఒక్కటే చాలితే, వాళ్లు కూడా నిలబడి ఉండాలి కదా.

మా దగ్గర ఒక అబ్బాయి రెండు వారాలు గది దాటి రాలేదు. కంచం కడగవలసిన అవసరమే రాలేదు, ఎందుకంటే అతను తినడం మానేశాడు. తండ్రికి ఫోన్ చేస్తే, "బద్ధకమండీ, రెండు తగిలించండి, దారికొస్తాడు" అన్నారు. కష్టం తెలియక అలా తయారయ్యాడని ఆయన నమ్మకం. నాకు భయం వేసింది. మా అబ్బాయి, పక్క మంచం అబ్బాయి కలిసి అతన్ని ఇక్కడి ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు తీసుకెళ్లారు. అది కుంగుబాటు అని, మందు, మాట రెండూ కావాలని వైద్యులు చెప్పారు. మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ తల్లి వచ్చి ఇక్కడే ఒక గదిలో ఉంది, అప్పుడు అది అవసరం. నిద్ర, తిండి, స్నానం మూడూ తప్పిన పిల్లవాడికి బాధ్యత నేర్పే సమయం అది కాదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మా భోజనాల గదిలో సింకు పైన పెద్ద అక్షరాలతో రాయించాను. మీరు కూడా ఇంట్లో రాసి పెట్టుకోండి.

మీ నుంచి నేను కోరేది ఇదీ. మా పీజీ అద్దె మీరు నాకు పంపకండి. మీ డబ్బే అయినా సరే, ముందు మీ పిల్లవాడి ఖాతాలో వేయండి, ఒకటో తేదీన వాడి చేత్తో కట్టనివ్వండి. కట్టడం మరిచి, రెండు వందలు ఆలస్య రుసుము పడితే వాడినే పడనివ్వండి. ఫ్యాను తిరగకపోయినా, పక్క మంచం వాడు రాత్రి రెండింటి దాకా లైటు ఆర్పకపోయినా, వచ్చి నాతో మాట్లాడమని వాడికి చెప్పండి. నేను కసురుకునే మనిషిని కాను. ఉద్యోగం పోయిందని ఫోన్ వస్తే, "ఇంటికి వచ్చెయ్" అనే మాట మీ నోటి దాకా వస్తుంది, నాకు తెలుసు, నాకూ వచ్చింది. ఆ మాటకు ముందు, "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు" అని ఒక్కసారి అడిగి, జవాబు వచ్చే దాకా ఆగండి. ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఇంట్లో ఎంత అప్పు ఉందో, పొలం మీద ఎంత వస్తుందో, మీ ఇద్దరి మందులకు నెలకు ఎంతవుతుందో కాగితం మీద రాసి, ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. జ్వరం వచ్చినా, మనిషి మౌనంగా మారినా, డబ్బు కోసం తోటివాళ్ల దగ్గర చేయి చాపుతున్నా, ఆ రోజే మీకు ఫోన్ చేసే బాధ్యత నాది. కంచం దగ్గర మాత్రం చేయను.

గత నెలలో ఫోన్ చేసిన తండ్రి గారికి చెప్పవలసింది ఒకటి మిగిలింది. మొన్న రాత్రి మీ అబ్బాయి గదిలో ఉండే నెల్లూరు కుర్రాడికి జ్వరం వచ్చింది. మీ అబ్బాయి వంటింట్లోకి వచ్చి, గంజి ఎట్లా కాచాలో మా వంట మాస్టారుని అడిగి, పక్కన నిలబడి కాయించుకుని, ఉప్పు తానే చూసి పైకి తీసుకెళ్లాడు. పదిన్నరకు లైట్లు తీసేద్దామని వెళితే సింకు దగ్గర కనిపించాడు. గంజి అడుగంటిందట, పీచుతో తోముతున్నాడు. నేను చూసిన సంగతి అతనికి తెలియదు, మీరు కూడా చెప్పకండి.

ఇట్లు,
మీ పిల్లలు ఆంటీ అని పిలిచే ఒక పీజీ నిర్వాహకురాలు,
మున్నేకొళాల, బెంగళూరు